పాలపొడి డబ్బాలో పోచమ్మ

మా ఆయన సత్యనారాయణ గారికి బతికున్న మనుషుల కన్నా ఎప్పుడో పోయినవాళ్ళ మీద మమకారం ఎక్కువ. ఇది కోపంగా చెప్పడం లేదు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆ కోపం అరిగిపోయింది. దోహాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో క్వాంటిటీ సర్వేయర్ ఆయన. డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పి, మూడువేల ఏళ్ళ కిందట ఎవరు ఏ దేవుడికి మొక్కారో చదువుకుంటూ కూర్చుంటారు. ఇక్కడ తెల్లవాళ్ళు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయేటప్పుడు ఇంట్లో సామానంతా అమ్మేసుకుంటారు కదా, అందరి మొగుళ్ళూ అక్కడి నుంచి సోఫాలూ మిక్సీలూ తెస్తారు. మా ఆయన పుస్తకాల అట్టపెట్టెలు మోసుకొస్తారు. ఉమ్ ఘువైలినాలో మాది రెండు గదుల ఫ్లాటు. పుస్తకాలు పెట్టగా మిగిలిన చోట ఆయనా, నేనూ, మా ఎనిమిదేళ్ళ అమ్మూ ఉంటున్నాం.

నా పేరు వేదవతి. మాది అమలాపురం దగ్గర. నాకు నోరెక్కువ, మడి అంతకన్నా ఎక్కువ. ఈ ఊళ్ళో మనకి గుళ్ళు లేవు, ఎవరి గుడి వాళ్ళ బీరువాలోనే. మా బట్టల బీరువాలో మధ్య అర వెంకటేశ్వరస్వామిది. ఆ అరలో ఆయన ఒక్కడే ఉండాలని మా అమ్మ పెట్టిన రూలు, నేను తప్పలేదు. ఎవరైనా వినాయకుడి బొమ్మ బహుమతిగా ఇస్తే తీసుకెళ్ళి హాల్లో టీవీ మీద పెట్టేదాన్ని.

అలాంటి నా దగ్గరికి నర్సవ్వ వచ్చింది.

నర్సవ్వది జగిత్యాల వైపు పల్లె. మా వీధి చివర విల్లాలో ఒక అరబ్బు కుటుంబానికి వంట చేసేది. ఆ ఇంటావిడ మంచిది, శుక్రవారం మధ్యాహ్నం దాకా సెలవిచ్చేది. కూరల కొట్టులో ఏదో ఆకు చేత్తో పట్టుకుని, "గోంగూర లెక్కనే ఉన్నది గాని గోంగూర గాదు" అని తనలో తను అనుకుంటుంటే వెనక నుంచి విన్నాను. "పాలకూరలో పులుపు పోసినట్టుంటుంది, తీసుకోకు" అన్నాను. తెలుగు వినేసరికి నా చెయ్యి పట్టుకుని వదల్లేదు, కొట్టువాడు మమ్మల్ని పక్కకి జరగమన్నా సరే. అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం మా ఇంట్లోనే భోజనం.

ఆ మొదటి ఏడాదే ఒక శుక్రవారం, కొంగు చాటు నుంచి పసుపు గుడ్డ మూట తీసి నా ఒళ్ళో పెట్టింది. విప్పితే గుప్పెడంత రాయి. పసుపు పట్టీ పట్టీ నున్నగా అయిపోయింది. ఒక పక్కన బొటనవేలు సరిగ్గా పట్టేంత చిన్న గుంట.

"మా పోచమ్మ తల్లి" అంది. "మా అత్త నా చేతుల పెట్టి పోయింది. ఆయన పోయిండు, బిడ్డను అత్తగారింటికి తోలిన, ఇంటికి తాళమేసిన. తాళమేసిన ఇంట్ల తల్లిని ఉపాసం ఎట్ల ఉంచుత? ఎంబడి తెచ్చుకున్న. గాని ఆడ నాకు పెట్టె పెట్టుకునేంత జాగనే ఇచ్చిండ్రు. నీ దేవుని పక్కపొంటి జెర జాగియ్యమ్మా. మా ఇంట్ల ఏ పిల్ల పుట్టినా ఇరవయ్యొకటో దినం ఈ తల్లి ముందల పండవెడ్తం. గా తర్వాతనే తొట్టెలల ఏస్తం. మా బిడ్డ విజయరాణికి రెండు కడుపులు పోయినయి. మల్లొకటి నిలవడ్డదంటే నేను పోవాలె, తల్లిని తీస్కపోవాలె."

"నువ్వేం దిగులు పడకు, మంచి చోట పెడతాను" అన్నాను.

పెట్టానా? పెట్టలేదు. ఏం చెయ్యమంటారు, ఆవిడ కోడిని కోయించుకునే దేవత, కల్లు తాగే దేవత. మా స్వామి ఉల్లిపాయ కూడా ముట్టడు. ఇద్దరినీ ఒక్క అరలో ఎలా కూర్చోబెట్టను? వంటింట్లో పెడదామంటే మడి, హాల్లో పెడదామంటే వచ్చేపోయేవాళ్ళు. ఆలోచించి ఆలోచించి, బాల్కనీలో పాలపొడి డబ్బాలో ఉన్న తులసి మొక్క మొదట్లో మట్టి తవ్వి పూడ్చేశాను. తులసి పవిత్రమే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మా ఆయనకి చెప్పలేదు. చెబితే దాని మీద గంటసేపు ఉపన్యాసం ఇస్తారు.

మరుసటి శుక్రవారం నర్సవ్వ అడిగింది, "తల్లికి ఏమన్న పెడ్తున్నవా?" అని. "అయ్యో, పెట్టకుండానా!" అనేశాను. అనేశాక భయం వేసింది. అన్నమాట అబద్ధం కాకూడదని ఆ రోజు నుంచీ స్వామికి నైవేద్యం పెట్టిన పెరుగన్నంలో ఒక ముద్ద తీసుకెళ్ళి తులసి మొదట్లో పెట్టడం మొదలుపెట్టాను. ఊరికే పెట్టి రావడం ఏం బావుంటుందని రెండు మాటలు చెప్పేదాన్ని. రెండు మాటలు నాలుగయ్యాయి. బట్టలు ఆరేస్తూ మా ఆయన పుస్తకాల గురించీ, మా అత్తగారి ఉత్తరాల గురించీ, అమ్ము లెక్కల మార్కుల గురించీ అన్నీ ఆవిడకే చెప్పుకునేదాన్ని. స్వామి దగ్గర ఇలాంటివి మాట్లాడలేం, ఆయన పెద్దాయన. ఆవిడైతే ఆడదే.

అలా రెండేళ్ళు గడిచాయి. తొంభై ఆరు వేసవి సెలవుల్లో నేనూ అమ్మూ ఇండియా వెళ్ళి సెప్టెంబరులో తిరిగొచ్చాం. అక్టోబరులో ఒక శుక్రవారం, నర్సవ్వ భోజనానికి వచ్చినప్పుడు జరిగింది అసలు కథ.

ఆ రోజు మా ఆయన కొత్త అట్టపెట్టెలోంచి ఒక పుస్తకం చదివి మంచి ఊపు మీద ఉన్నారు. పప్పులో నెయ్యి వేసుకుంటూ మొదలుపెట్టారు.

"యూదులకి దేవుడొక్కడే అంటాం కదా. మొదట్లో వాళ్ళకీ దేవతల సభ ఉండేదట. ఏల్ అని ఒక పెద్దాయన, చుట్టూ ఆయన కొడుకులు, ఒక్కో కొడుక్కి ఒక్కో జాతి. యెహోవా కూడా మొదట్లో వాళ్ళలో ఒకడని కొందరు పండితుల మాట. ఇరవై ఏళ్ళ కిందట సినాయి ఎడారిలో బాటసారులు ఆగే చోట తవ్వితే పెద్ద జాడీ ఒకటి దొరికింది. దాని మీద యెహోవా పేరు, ఆయన అషేరా పేరు కలిపి దీవెన రాసి ఉంది. ఆ అషేరా ఆయన భార్యేనని కొందరు, కాదు ఉత్త గుర్తేనని కొందరు. ఇంకా కొట్టుకుంటున్నారు."

నర్సవ్వ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "దాంట్ల కొట్టుకునుడేంది సారూ? ఇంటామె లేకుండ ఇల్లెట్లుంటది?"

మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన మాటలకి ఎదురుప్రశ్న వేసే మనిషి ఇంట్లో దొరకదు మరి. "అదే నర్సవ్వా! యెరూషలేం ఇళ్ళల్లో తవ్వితే వందల కొద్దీ మట్టి బొమ్మలు దొరికాయి, ఆడ బొమ్మలు. ఇంటింటికీ ఒక తల్లి ఉండేది. తర్వాత ఒక రాజు వచ్చాడు. ఒక్కడే దేవుడన్నాడు. గుళ్ళోంచి అషేరాని బయటికి ఈడ్పించి, వాగు ఒడ్డున తగలబెట్టించి, పొడి చేయించాడు. ఇళ్ళల్లో తల్లులు కూడా చెత్తకుప్పల్లో తేలారు, విరిగిపోయి."

"అయ్యో తల్లీ" అంది నర్సవ్వ. "మరి ఆడోళ్ళు ఊకున్నరా?"

"ఊరుకోలేదు. ఆకాశరాణి అని ఒక అమ్మవారికి రొట్టెలు చేసి పెట్టేవాళ్ళు వాళ్ళు. ప్రవక్త వచ్చి తిడితే మొహం మీదే అన్నారట. మేం ఆవిడకి పెట్టినన్నాళ్ళూ కడుపునిండా తిన్నాం, మానేశాకే కరువొచ్చింది, అయినా మా మొగుళ్ళకి తెలియకుండా చేశామా అని!" చెబుతూ చెబుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఎప్పుడో చెత్తలో పడ్డ మట్టి బొమ్మల కోసం ఆయనకి కళ్ళనీళ్ళొచ్చాయి. మా ఆయన అంతే.

నేను మాత్రం బాల్కనీలో తులసి వంక చూశాను. స్వామి ఒక్కడే ఉండాలని ఆవిణ్ణి మట్టిలో పెట్టింది ఎవరు? నేనే కదా ఆ రాజుని.

అప్పుడు నర్సవ్వ నీళ్ళు తాగి, నవ్వుతూ చెప్పింది. విజయరాణికి నెలలు నిండాయట. రేపో ఎల్లుండో కాన్పు. ఇంటావిడ ముందే పంపించేస్తానందట, శనివారం కాక పై శనివారం బొంబాయి ఫ్లైటు. "వచ్చే శుక్రారం వచ్చి తల్లిని తీస్కపోతనమ్మా. ఇరవయ్యొకటో దినానికి అందుకుంట."

నర్సవ్వ మెట్లు దిగగానే నేను బాల్కనీలోకి పరిగెత్తి గరిటెతో మట్టి తవ్వాను. అడుగుదాకా తవ్వాను. రాయి లేదు.

"ఏమండీ!" అన్నానట. మూడో అంతస్తు దాకా వినిపించిందని తర్వాత అమ్ము చెప్పింది.

మా ఆయన వచ్చి డబ్బా వంకా నా వంకా చూసి, దొంగలా నిలబడ్డారు. నెమ్మదిగా బయటపెట్టారు. ఆగస్టులో తులసికి నీళ్ళు పొయ్యడం మర్చిపోయారట. ఖతర్ ఎండ సంగతి తెలిసిందేగా, వారంలో పుల్లయిపోయింది. నేనొస్తే చంపేస్తానని, ఆఫీసులో మలయాళీ ఆయన్ని అడిగి కొత్త మొక్క తెచ్చి, అలాంటి పాలపొడి డబ్బాయే వెతికి అందులో పాతారట. పాత మట్టిని మా బిల్డింగు వెనక ఖాళీ స్థలంలో పారబోశారట.

"అందులో ఒక రాయి లేదూ?"

"ఉంది. నీళ్ళు కారడానికి నువ్వు అడుగున వేసిన రాయనుకున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది నర్సవ్వ పోచమ్మ! ఎవరో అమ్మవారిని చెత్తలో పారేశారని ఇందాక కళ్ళు తుడుచుకున్నారే, మీరు చేసిందేంటి?"

ఆయన తెల్లబోయారు. "నువ్వు ఆవిణ్ణి మట్టిలో ఎందుకు పెట్టావు వేదా?" అని అడిగారు. గట్టిగా కూడా అడగలేదు. నెల రోజులుగా ఖాళీ డబ్బాకి పెరుగన్నం పెట్టి, మా అత్తగారి మీద చాడీలు చెబుతున్నానన్నమాట. అక్కడే బాల్కనీ గడప మీద కూర్చుని ఏడ్చేశాను.

ఆ మధ్యాహ్నం ఎండ తగ్గగానే ఖాళీ స్థలంలోకి దిగాం. జన్మంతా తవ్వకాల గురించి చదివిన మనిషికి ఇన్నాళ్ళకి తవ్వే యోగం పట్టింది. నాలుగు మేకులు దిగ్గొట్టి, దారం కట్టి, గళ్ళు గళ్ళుగా గీశారు. నా పిండి జల్లెడ తీసుకుని ఒక్కో గడిలో ఇసుక జల్లించారు. సీసా మూతలు దొరికాయి, పగిలిన పింగాణీ కప్పు దొరికింది, ప్లాస్టిక్ బొమ్మ చెయ్యి ఒకటి దొరికింది. అమ్ము అవన్నీ వరసగా పేర్చి నంబర్లు వేసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. ఇస్త్రీ ప్యాంటు మీద మోకాళ్ళూని, చెమటలు కక్కుతూ, ఒక్క చెంచాడు ఇసుక కూడా వదలకుండా చూస్తున్న ఆయన్ని చూస్తే, వెనక నుంచి వెళ్ళి తల నిమరాలనిపించింది. ఖాళీ స్థలం కాబట్టి నిమరలేదు.

మా బిల్డింగు వాచ్‌మన్ జహాంగీర్, పెషావర్ వైపు మనిషి, వచ్చి నడుం మీద చేతులేసుకుని నిలబడ్డాడు. "క్యా గుమ్ హువా భాభీ? సోనా?" అన్నాడు. ఏం పోయింది, బంగారమా అని.

"సోనా నహీ, మా కీ నిశానీ" అన్నాను. మా హిందీ అంతే.

తల్లి గుర్తనేసరికి అతను ఇంకేం అడగలేదు. పార తెచ్చి తనూ దిగాడు. కాసేపయ్యాక మాత్రం తల అడ్డంగా ఊపాడు. పోయిన నెలలో ఇక్కడి నుంచి మూడు ట్రక్కుల మట్టి ఎక్కడో నింపడానికి పట్టుకుపోయారట. ఎక్కడికో తనకీ తెలీదట. అయినా మిగతా ఆరు సాయంత్రాలూ అతను మాతో వెతకడం మానలేదు.

గురువారం సాయంత్రానికి నాకు ఆశ పోయింది. ఆ ఇసుకలోనే గుప్పెడంత రాయి ఒకటి ఏరుకున్నాను. ఇంటికొచ్చి కడిగి, పసుపు పట్టించి, ఆరనిచ్చి, మళ్ళీ పట్టించాను. ఏడుసార్లు పట్టించాను. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.

"వేదా, ఇది అబద్ధం కదా" అన్నారు.

"మీరు మాట్లాడకండి. ఆ పిల్లని దేని ముందు పడుకోబెడుతుంది చెప్పండి? ఖాళీ నేల ముందా?"

నేను బీరువా తీసి, స్వామి పటం ఇటు జరిపి, నర్సవ్వ ఇచ్చిన పసుపు గుడ్డ పక్కన పరిచి, ఆ రాయిని దాని మీద పెట్టాను. రెండేళ్ళ కిందట ఈ నాలుగంగుళాలు జరిపి ఉంటే ఇదంతా ఉండేది కాదు. ఆ రాత్రికి అక్కడే ఉంచాను.

శుక్రవారం నర్సవ్వ వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, తలంటుకుంది. విజయరాణికి ఆడపిల్ల పుట్టిందట, బుధవారం, తల్లీ పిల్లా బాగున్నారట. ఆ మాట చెబుతూ అమ్ముని ఎత్తుకుని తిప్పింది. నేను బీరువా తలుపు తీశాను. స్వామి పక్కన చూసి ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి.

"నిజంగనే దేవుని పక్కకే పెట్టినవమ్మా" అంది.

నన్ను చెంప మీద కొట్టినా అంత నొప్పి ఉండేది కాదు.

రెండు చేతులా రాయిని తీసుకుంది. కళ్ళకద్దుకుంది. తర్వాత ఆవిడ బొటనవేలు రాయి మీద మెల్లగా కదిలింది. ఒక పక్క తడిమింది, తిప్పింది, ఇంకో పక్క తడిమింది. ఆ గుంట కోసం. నేను రాయి రంగు చూశాను, సైజు చూశాను, ఆ గుంట సంగతే మర్చిపోయాను.

"ఈమె మా తల్లి గాదు" అంది నర్సవ్వ.

దాచకుండా అంతా చెప్పాను. తులసి డబ్బాలో పూడ్చింది, ఎందుకు పూడ్చానో అది, మొక్క ఎండింది, మట్టి పోయింది, ట్రక్కులు, ఈ రాయి. మా ఆయన కూడా పక్కన నిలబడి, "తప్పు నాది నర్సవ్వా, పారబోసింది నేను" అన్నారు.

నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుని ఏడ్చింది. నేను దగ్గరికి వెళ్ళబోతే చేత్తో ఆపింది. "మా అత్త నా చేతుల పెట్టింది. నేను నీ చేతుల పెట్టిన. కోడి తింటదని మన్నుల పెట్టినవా? నాకు చెప్తే నా బొడ్లె పెట్టుకొని తిరుగుదును గదనమ్మా!" అంది. అమ్ము వెళ్ళి ఆవిడ ఒళ్ళో కూర్చుంది.

చివరికి నర్సవ్వ ముక్కు చీదుకుని అడిగింది. "డబ్బల ఉన్నన్ని దినాలు ఏమన్న పెట్టినవా, అది గూడ అబద్దమేనా?"

"పెట్టాను. రోజూ పెరుగన్నం పెట్టాను. కష్టం సుఖం చెప్పుకున్నాను. నెల రోజుల నుంచి ఆవిడ లేదని తెలీక ఖాళీ డబ్బాకి కూడా పెట్టాను."

నర్సవ్వ నా వంక చూసింది. ఏడుస్తున్న మనిషి ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది. "పెరుగన్నమా? మా తల్లికా? రెండేండ్లు? పాపం, నాలిక సప్పబడి లేసిపోయింది!"

నేనూ నవ్వాను, నవ్వుతూనే ఏడ్చాను. ఆవిడ ఒళ్ళో ఉన్న రాయిని మళ్ళీ చేతిలోకి తీసుకుని పసుపు చూసింది.

"ఎన్నిసార్లు పట్టించినవ్?"

"ఏడుసార్లు."

"మా తల్లోళ్ళు ఏడుగురు అక్కచెల్లెండ్లు" అంది నర్సవ్వ నెమ్మదిగా. "ఈమె ఎనిమిదో ఆమె అనుకుంట. నువ్వు భయానికి పట్టించినా, పసుపైతే పట్టించినవ్. నా మనుమరాలు ఈమె ముందల పండుకుంటది. మా పెద్దామె ఈ దేశంలనే ఎక్కన్నో ఉన్నది. ఆమెకు ఈడ నువ్వు తప్ప ఎవ్వరు లేరు. ఆమెకు పెట్టుడు మానకు. గంతే."

ఆ పసుపు గుడ్డ నా దగ్గరే వదిలి, మా అమ్ము స్కూలు రుమాల్లో కొత్త రాయిని చుట్టుకుని వెళ్ళింది.

డిసెంబరులో రాజన్న అనే ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నర్సవ్వ పక్క ఊరివాడట, సెలవు నుంచి తిరిగొస్తూ క్యాసెట్ తెచ్చాడు. మా ఆయన టేప్‌రికార్డర్‌లో పెట్టారు. మొదట పసిపిల్ల ఏడుపు, తర్వాత నర్సవ్వ గొంతు.

"వేదమ్మా, సారూ, అమ్ము బిడ్డా, మంచిగున్నరా? ఇరవయ్యొకటో దినం పిల్లను తల్లి ముందల పండవెట్టిన. ఏడ్వలే, తెల్వార్లు పండుకున్నది. ఊరోళ్ళొచ్చి ఈమె ఏ ఊరామె అని అడిగిండ్రు. చెప్పిన. గిప్పుడు అందరు దుబాయ్ పోచమ్మ అంటుండ్రు. మొగోళ్ళు గల్ఫుకు పోయిన ఆడోళ్ళంత మంగళారం మంగళారం వస్తుండ్రు. మా ఆయన ఫోన్ చేస్తలేడు, నువ్వన్న చూడు తల్లీ, నువ్వు ఆ దేశమామెవు, నీకెర్కే అని మొక్కుతుండ్రు..."

"దుబాయ్ ఏంటే, ఖతర్! ఖతర్ అని చెప్పు వాళ్ళకి!" అని టేప్‌రికార్డర్ మీద అరిచాను. రాజన్న నవ్వాడు, కానీ ఆ ఆడవాళ్ళ సంగతి విన్నాక తల వంచుకున్నాడు. వాళ్ళలో తన భార్య కూడా ఉందేమో, నేను అడగలేదు. మా ఆయన మాత్రం కాగితం తీసి ఆ మాటలన్నీ రాసుకోవడం మొదలుపెట్టారు. మూడువేల ఏళ్ళ వెనక్కి వెళ్ళి ఆయన వెతుక్కునే తల్లి, మా పిండి జల్లెడలోంచే పుట్టింది మరి.

"వేదమ్మా" అంది క్యాసెట్‌లో నర్సవ్వ. "మా పెద్దామెకు పెడ్తున్నవా?"

బీరువా తలుపు తీసే ఉంది. స్వామి పక్కన పసుపు గుడ్డ మడత పెట్టి ఉంది, దాని మీద ఏమీ లేదు. దాని ముందు ఆ రోజు పెట్టిన చిన్న గిన్నె ఉంది. అందులో పెరుగన్నం కాదు, ఉల్లిపాయ వేసిన గోంగూర పచ్చడి కలిపిన అన్నం. మా స్వామి ఇప్పటిదాకా ఏమీ అనలేదు.

"పెడుతున్నానే" అన్నాను.